కుదురుకున్న పిల్ల

ఏప్రిల్ 11

అక్కా,

నీ ఉత్తరం నిన్న చేరింది. జిగురు పెట్టిన కవరు మీద టేపు వేసి, ఆ టేపు మీద మళ్లీ స్టేప్లర్ పిన్నులు కొట్టావు. విప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. కౌంటర్లో టిక్కెట్లు కూడా ఇలాగే ఇస్తున్నావా? అయితే మీ డిపో బస్సులు ఎందుకు ఆలస్యంగా కదులుతాయో ఇప్పుడు తెలిసింది.

ఫోన్లు మానేసి మంచిపనే చేశామనుకుంటున్నాను. నా గొంతు విన్న ప్రతిసారీ, నీ దగ్గర వదిలొచ్చిన నా పిచ్చుక రెండ్రోజులు అన్నం ముట్టడం లేదని నువ్వు చెప్పినప్పుడు, ఉత్తరాలు రాసుకుందామన్నది నేనే కదా. మెసేజీలూ వద్దన్నాను. నీ ఫోన్ నీకంటే దాని చేతిలోనే ఎక్కువ ఉంటుంది, ఇట్టే పసిగడుతుంది. ఇక్కడ, చిన్నపిల్లలకి ఇంగ్లీషు నేర్పే మా ఇన్‌స్టిట్యూట్‌లోనూ అదే పద్ధతి. కొత్తగా చేరిన పిల్లల తల్లిదండ్రులు మొదటి నెల గేటు దాటి రాకూడదు. కిటికీలోంచి తొంగి చూడకూడదు. మొహం కనబడితే ఏడుపు పెరుగుతుంది, కనబడకపోతే పిల్లలు కుదురుకుంటారు. నేను అక్కడ బళ్లో పనిచేసినన్నాళ్లూ తల్లులకి చెప్పిన మాటే ఇది. నా పిల్ల విషయంలో నాకు నేనే చెప్పుకోవాల్సి వస్తుందని అప్పుడు అనుకోలేదు.

గది ఎలా ఉందని అడిగావు. మూడో అంతస్తు, ఒక మంచం, ఒక స్టవ్వు, నిలబడి చేతులు చాస్తే రెండు గోడలూ తగులుతాయి. కింద బట్టలుతికే షాపు. పగలంతా మెషిన్లు తిరుగుతుంటే మంచం సన్నగా వణుకుతూ ఉంటుంది. సెలవు రోజున పడుకుంటే బస్సులో ప్రయాణం చేస్తున్నట్టే ఉంటుంది, ఎక్కడా దిగేది మాత్రం ఉండదు.

ఇక్కడ నన్నందరూ రోజా టీచర్ అంటారు. నేను పెట్టుకున్న పేరు కాదు. ఎర్ర రంగు గదికి టీచరుగా ఎవరొచ్చినా రోజా టీచరే. నాకు ముందున్నావిడా రోజానే, ఆవిడకి ముందున్నావిడా రోజానే. టీచర్లు మారుతున్నారని తెలిస్తే తల్లిదండ్రులు కంగారు పడతారని మేనేజరు కనిపెట్టిన ఉపాయం. గోడ మీద రోజా టీచర్ బొమ్మ ఉంది, ఎవరి మొహానికైనా అతికేలా గీయించారు. పాతావిడ ఏప్రన్ నాకిచ్చారు. ఆవిడ బాగా పొడుగు కాబోలు, కింద మడిచి కుట్టుకున్నాను.

పనంతా కార్డుల మీదే. కార్డు పైకెత్తి నేను యాపిల్ అంటాను, వాళ్లు యాపిల్ అంటారు. నేను ఏమంటే అది అనడమే వాళ్ల చదువు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా యాపిల్, యాపిల్. తినే యాపిల్ మీద విరక్తి పుట్టింది.

మన పిచ్చుక ఈడుదే ఒక పిల్ల ఉంది, రెండు జడలు. రోజంతా నా ఏప్రన్ అంచు పట్టుకుని నా వెనకే తిరుగుతుంది. మధ్యాహ్నం నా ఒళ్లోనే నిద్రపోతుంది. దాని తల నిమురుతుంటే నాకు కాస్త ప్రాణం లేచొస్తుంది. నేను మరీ ఒంటరిగా లేనని నీకు ధైర్యంగా ఉంటుందని ఇది రాస్తున్నాను.

పిచ్చుక ముందుపన్ను కదులుతోందన్నావు, ఊడిందా? బుగ్గలు రెండూ వాచేలా ముద్దులు పెట్టు.

నీ చెల్లి


మే 2

రోజా టీచర్ గారికి నమస్కారాలు!

నా కవర్లని వెక్కిరించావుగా, ఈసారి ఇంకో రెండు పిన్నులు ఎక్కువ కొట్టాను. తీసుకో.

ఇక్కడ కౌంటర్ సంగతి మామూలే. మొన్న ఒకాయన తనకొకటి, తన కుక్కరుకొకటి సీటు కావాలని పేచీ. కొత్త కుక్కరట, ఒళ్లో పెట్టుకుంటే గీతలు పడతాయట. కిటికీ పక్కన కుక్కరుకిచ్చి ఆయన్ని నిలబెట్టమంటారా అని అడిగాను. వెనక వరసంతా నవ్వింది. ఆయన మా పై అధికారికి చెప్పాడు. ఆయనా నవ్వాడు గానీ, తరవాత నన్ను లోపలికి పిలిచి నోరు తగ్గించుకోమన్నాడు. ఈ నోరు తగ్గితే నాలో మిగిలేదేముంది చెప్పు.

పన్ను ఊడింది. పారెయ్యనివ్వలేదు. నీకు చూపించాలని అగ్గిపెట్టెలో పెట్టి తలగడ కింద దాచుకుంది.

నీ ఉత్తరం మొత్తం దానికి చదివి వినిపించాను. కొంత చదివి కొంత మింగడం నాకు చేతకాదు. యాపిల్ దగ్గర పడీ పడీ నవ్వింది. ఆ రెండు జడల పిల్ల దగ్గర నవ్వలేదు. మళ్లీ చదవమంది, చదివాను. ఆ పిల్ల పేరేంటంది. మీ అమ్మ రాయలేదే, నాకేం తెలుసన్నాను. మర్నాడు బడికి వెళ్లేముందు తనకీ రెండు జడలు వెయ్యమని కూర్చుంది. నీ జుట్టు మెడ దాకా కూడా లేదు కదే అంటే, లాగి వెయ్యి అంటుంది. చివరికి రెండు పిలకలు కట్టాను. చూసి ఎంత నవ్వొచ్చిందో. అది మాత్రం నవ్వలేదు, అద్దం ముందు నిలబడి అటూ ఇటూ తల తిప్పి చూసుకుంది.

ఇక నీకు శుభవార్త. ఏడవడం పూర్తిగా మానేసింది. అమ్మెప్పుడొస్తుందని అడగడం లేదు. పెట్టింది తింటోంది, పడుకోమంటే పడుకుంటోంది. నువ్వన్నట్టే కుదురుకుంది. ఇంక నువ్వు దిగులు మాని ఉద్యోగం చూసుకో.

అక్క


మే 19

అక్కా,

కుదురుకుందని రాశావు.

కుదురుకోవడమంటే ఏంటో నీకు తెలీదు. నాకు తెలుసు, రోజూ చూస్తాను. కొత్త పిల్ల మొదట తలుపు పట్టుకుని ఏడుస్తుంది. కొన్నాళ్లకి కుర్చీలో కూర్చుని తలుపు వైపు చూస్తూ ఏడుస్తుంది. తరవాత ఏడవకుండా ఊరికే చూస్తుంది. ఒకరోజు చూడటం మానేస్తుంది. అప్పుడు మేనేజరు వచ్చి, ఈ పిల్ల కుదురుకుంది, అంటుంది. సాయంత్రం తల్లొచ్చి చేతులు చాస్తే ఆ పిల్ల లేచి పరిగెత్తదు. బొమ్మలు బుట్టలో సర్దుతూనే ఉంటుంది. అబ్బ, ఎంత బాగా అలవాటుపడిందో అని తల్లి మురిసిపోతుంది. నేను పక్కన నిలబడి నవ్వుతుంటాను.

రెండు జడల పిల్ల ముక్క దానికి ఎందుకు చదివావక్కా? అది నీ కోసం రాసింది. ఆరేళ్ల పిల్ల, వాళ్లమ్మ ఒళ్లో ఇంకో పిల్ల పడుకుంటోందని రెండుసార్లు విని, జడలు లాగి కట్టమని అడిగితే నీకు నవ్వెలా వచ్చింది?

నేను వచ్చేస్తాను. ఒప్పందం ప్రకారం ఇంకా ఏడాదిన్నర ఉండాలి. నా డిగ్రీ కాగితాలు, ట్రెయినింగ్ కాగితాలు చేరిన రోజునే తీసుకుని ఆఫీసు బీరువాలో పెట్టారు. మధ్యలో వెళ్లే వాళ్లకి అవి తిరిగివ్వరని ఇక్కడ అందరూ అంటారు. పనిచేసినట్టు రాసీ ఇవ్వరు. అవి లేకపోతే నేను టీచర్నని చెప్పుకోవడానికి నా నోరు తప్ప ఏమీ ఉండదు.

ఆ నోరూ సరిగ్గా లేదు. గొంతు పూర్తిగా పోయింది. రోజా టీచర్ మానకూడదు కాబట్టి మెడకి చిన్న మైకు కట్టి గుసగుసలతోనే పాఠం చెప్పించారు. పిల్లలూ గుసగుసగానే తిరిగి చెప్పారు. అందరం కలిసి ఏదో దొంగతనానికి పోతున్నట్టుంది.

నన్ను రమ్మని ఒక్కమాట రాయి అక్కా. నువ్వు రమ్మంటే చాలు, వచ్చేస్తాను.

చెల్లి


జూన్ 7

చెల్లీ,

రాసిన నీది తప్పు కాదు, చదివిన నాదే తప్పా? నా కోసమైతే నా కోసమని పైన రాయాల్సింది. కవరు కనబడగానే అది నా ఒళ్లోకెక్కి కూర్చుంటుంది. నేను మధ్యలో ఆగితే నా మొహంలోకి చూస్తుంది. నీలాగా నాకు పిల్లల చదువుల్లో ట్రెయినింగ్ లేదమ్మా. టిక్కెట్లు కొట్టేదాన్ని.

గొంతు పోయిందని ఉద్యోగం వదిలేస్తారా ఎవరైనా? ఉప్పు వేసి వేణ్ణీళ్లు పుక్కిలించు. మెడకి గుడ్డ చుట్టుకో. మరిది పోయినప్పుడు నువ్వెలా ఉన్నావో నేను చూశాను. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ జాలిపడి పోయేవాళ్లు. ఈ ఉద్యోగం వచ్చాకే నువ్వు నలుగురిలో తలెత్తుకున్నావు. ఇప్పుడు కాగితాలు కూడా అక్కడ పారేసి వస్తే మళ్లీ సందు చివర ప్రైవేటు బడే గతి. గంట కొట్టమన్నా కొట్టాలి, ఆ బడి యజమాని పిల్లల ముక్కు తుడవమన్నా తుడవాలి. ఏడాదిన్నర ఎంతలో తిరిగిపోతుంది? పళ్లబిగువున ఉండు.

పిల్ల సంగతి నాకు వదిలెయ్యి. అది నా దగ్గర హాయిగా ఉంది. నువ్వు ఉన్నట్టుండి వచ్చిపడి దాన్ని మళ్లీ కదిలించొద్దు.

నిన్న పక్కబట్టలు దులుపుతుంటే అగ్గిపెట్టె కనబడలేదు. పన్నేదే అంటే పారేశానంది. అమ్మకి చూపిస్తానన్నావు కదా అంటే, ఇంకోటి ఊడుతుందిగా అంది. నాతోపాటే దులిపిన దుప్పటి మడతపెట్టింది. పనిమంతురాలే.

అక్క


జూన్ 24

అక్కా,

"పిల్ల సంగతి నాకు వదిలెయ్యి." చదివాను. ఎన్నిసార్లు చదివినా అదే కనబడుతోంది.

నేను గొంతు నొప్పికి వస్తానన్నానని నిజంగానే అనుకున్నావా, లేక అలా అనుకుంటే నీకు వీలుగా ఉంటుందా? రమ్మని ఒక్కమాట అడిగాను. ఉప్పునీళ్లు పుక్కిలించమన్నావు. నువ్వు పెళ్లి వద్దనుకుని ఇన్నేళ్లూ ఒంటరిగా ఉన్న ఇంట్లోకి ఇప్పుడొక పిల్ల సందడి వచ్చింది. అది పోతుందని భయమా? ఇన్ని ఉత్తరాల్లో ఒక్కదానిలోనైనా దాని చేత ఒక పువ్వో పిట్టో గీయించి పెట్టావా? పన్ను పారేసిందని రాస్తూ దుప్పటి మడతపెట్టిందని మెచ్చుకుంటావా?

ఇవాళ మేనేజరుతో చెప్పేశాను, వచ్చే నెలాఖరున మానేస్తున్నానని. ఆవిడ బతిమాలలేదు, కోప్పడలేదు. మధ్యలో వెళ్తే కాగితాలు ఉండవని నీకు తెలుసు కదా అంది. తెలుసన్నాను. ఏప్రన్ ఉతికి ఇస్త్రీ చేసి ఇమ్మంది. మడిచి కుట్టిన కుట్లు విప్పాలా అని అడిగితే, వద్దు, ఈసారి వచ్చే ఆవిడ కూడా పొట్టే అంది. అప్పటికే ఎవర్నో చూసిపెట్టుకుందన్నమాట. పిల్లలకి మాత్రం చెప్పకూడదట.

నోటికొచ్చినట్టు రాశానని నాకే తెలుస్తోంది. అయినా కొట్టెయ్యను. నీకూ తెలియాలి.

చెల్లి


జూలై 9

చెల్లీ,

తెలిసింది.

బొమ్మ గీయించలేదన్నావు. కూర్చోబెట్టాను. అమ్మకి ఒక బొమ్మ వెయ్యవే అంటే మధ్యాహ్నమంతా కూర్చుని రంగులు నింపింది. ఒక ఇల్లు, ఒక బస్సు, బస్సు కిటికీలో కళ్లజోడు పెట్టుకున్న మనిషి. పూర్తిచేసి తెచ్చి నా చేతిలో పెట్టింది. కవర్లో పెట్టబోతే పట్టుకు లాక్కుంది. ఎక్కడికి పంపుతున్నావు, అది నీకే కదా వేసింది అంది. కళ్లజోడు నాది. ఆ బొమ్మ నీకెలా పంపమంటావు?

నన్ను పెద్దమ్మా అనడం మానేసింది. నేను నేర్పలేదు, నీ మీద ఒట్టు. ఒకరోజు బడి నుంచి డిపోకొచ్చి, కౌంటర్ దగ్గర వరసలో అందరి మధ్యా నిలబడి అమ్మా అని పిలిచింది. దిద్దాల్సింది. పెద్ద నోరున్నదాన్ని కదా, ఎవరినైనా ఏమైనా అనగలను కదా, దాన్ని మాత్రం ఏమీ అనలేకపోయాను. పలికాను. ఆ పూట చిల్లర కూడా తప్పిచ్చాను, అంత సంతోషంగా ఉంది. ఇది నీకు రాస్తే నువ్వు తట్టుకోలేవని దాచాను. నువ్వు ఆలస్యంగా రావాలని కోరుకున్నానా అంటే, కోరుకున్నాను. నీ కాగితాల గురించి రాసిందంతా నిజమే, కానీ దాని వెనక ఇదీ ఉంది.

వచ్చెయ్యి. నేను చేయాల్సింది నేను చేస్తాను.

అక్క


జూలై 28

అక్కా,

ఇంత బాధలో నువ్వు నిజం రాశావు. నేనన్న మాటలు వెనక్కి తీసుకోలేను గానీ, సిగ్గుపడుతున్నాను. ఆగస్టు తొమ్మిదిన వస్తున్నాను. ఇద్దరూ బస్టాండుకి రండి.

ఇక్కడ పని ఇంక రేపొక్కరోజే. ఇవాళ పిల్లలకి చెప్పేశాను. చెప్పకుండా వెళ్లడం నాకిక చేతకాలేదు. కార్డులన్నీ పక్కన పెట్టి, వాళ్లకి అర్థమయ్యే చిన్నచిన్న ఇంగ్లీషు మాటల్లో, ఎల్లుండి నుంచి నేను రాను అన్నాను.

అందరూ ఒక్కగొంతుతో, ఎల్లుండి నుంచి నేను రాను, అన్నారు.

కాదర్రా, నేను వెళ్లిపోతున్నాను అన్నాను. నేను వెళ్లిపోతున్నాను అని ఇంకా గట్టిగా అన్నారు. కొత్తావిడ వేరే మనిషి, నేను వేరే మనిషి అన్నాను. అదీ అన్నారు. నేను అలా నేర్పించాను మరి. బాగా చెప్పారని చప్పట్లు కొడతానేమో అని ఎదురుచూశారు. చేసేదిలేక కొట్టాను. రెండు జడల పిల్ల ఒక్కతే నోరు విప్పలేదు. ఏప్రన్ అంచు వదిలేసి వెళ్లి తన కుర్చీలో కూర్చుంది.

కాగితాలు ఇవ్వలేదు. మళ్లీ అడగలేదు.

చెల్లి


ఆగస్టు 31

చెల్లీ,

ఈ పాటికి నీకు తెలిసే ఉంటుంది, ఈ ఊరికి నా బదిలీ పై అధికారి వేసింది కాదు. నేనే అడిగి వేయించుకున్నాను. నీకు అబద్ధం చెప్పాను.

ఈ ఊరి డిపో చిన్నది. కౌంటర్ కిటికీకి అద్దం లేదు, దుమ్మంతా నా మీదే. డిపో వెనక వీధిలో చిన్న గది దొరికింది. తిండికి ఇబ్బంది లేదు. నా గురించి ఆలోచించకు.

నువ్వొచ్చాక నేను అన్నీ చూస్తూనే ఉన్నాను. నువ్వు అన్నం కలిపి ముద్ద పెడితే అది నా వైపు చూసేది. నేను తలూపితేనే నోరు తెరిచేది. నువ్వు పక్కన పడుకుంటే గోడ వైపు జరిగేది. నువ్వు దాన్ని పరాయివాళ్ల పిల్లని అడిగినట్టు మెల్లగా, మర్యాదగా అడిగేదానివి. నేను ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ అది నీకు దక్కదు. ఉద్యోగం పోగొట్టుకుని, కాగితాలు పోగొట్టుకుని వచ్చినదానివి. పిల్ల కూడా దక్కకపోతే ఎందుకొచ్చినట్టు?

దాన్ని బడికి పంపి బయల్దేరాను. చెప్పే ధైర్యం లేకపోయింది. కొన్నాళ్లు ఏడుస్తుంది, ఏడవనీ. నీ ఒళ్లోనే ఏడుస్తుంది కదా, అలాగే నీ దగ్గరికొస్తుంది.

ఇంటి తాళాలు, బియ్యం డబ్బా, అన్నీ నీకు తెలిసిన చోటే ఉన్నాయి.

అక్క


సెప్టెంబర్ 11

అక్కా,

ఏడవలేదు. ఒక్క చుక్క కూడా ఏడవలేదు.

నువ్వు వెళ్లిన రోజు బడి నుంచి వచ్చి సంచి దించింది. గదులన్నీ తిరిగింది. గుమ్మం దగ్గర నీ చెప్పులుండే చోటు చూసింది. నేను వెనకే నిలబడ్డాను, నువ్వెక్కడికెళ్లావని అడిగితే ఏం చెప్పాలా అని. అది కాళ్లు కడుక్కొచ్చి నా పక్కన కూర్చుని, "నువ్వెప్పుడు వెళ్తావు?" అంది.

నేనెక్కడికీ వెళ్లనమ్మా అన్నాను. సరే అంది. ఎదుటివాళ్లని నొప్పించడం ఇష్టంలేక పెద్దవాళ్లు సరే అంటారు చూడు, అలా అంది. ఆ రోజు నుంచి పెట్టింది తింటోంది. తన కంచం తనే కడుగుతోంది. ఇప్పుడు ముద్దకి ఎవరి వైపూ చూడటం లేదు. మనిద్దరి దగ్గరా ఏడవడం దానికి అనవసరంగా తోచింది.

నేనొకటి దాచను. నువ్వు పెట్టె సర్దుకుంటున్న రోజున బదిలీ సంగతి విని పైకి అయ్యో అన్నాను, లోపల నాకు సంతోషమే వేసింది. ఇక పిల్ల నాదే అనుకున్నాను. ఒకళ్లు తప్పుకుంటే రెండోవాళ్లకి దక్కుతుందని నువ్వూ అనుకున్నావు, నేనూ అనుకున్నాను. దాని వైపు నుంచి చూస్తే, మనుషులు పోతూ ఉంటారని రెండుసార్లు తెలిసింది, అంతే. అది ఇప్పుడు నాకూ దక్కలేదు, నీకూ లేదు.

సందు చివర ప్రైవేటు బళ్లో చేరాను. కాగితాలేవని అడిగితే లేవన్నాను. నువ్వన్నట్టే గంట కూడా కొట్టిస్తున్నారు. దానికి నాకేమీ బాధ లేదు. బడి వదిలాక పిచ్చుక నేను బయటికి రావడం గేటు దగ్గర్నుంచి చూసి, నా వెనకే నడిచొస్తుంది. చెయ్యి అందిస్తే పట్టుకుంటుంది, నేను వదిలితే వదిలేస్తుంది.

వచ్చే ఆదివారం పొద్దున బస్సుకి మేం ఇద్దరం వస్తున్నాం. నిన్ను తీసుకురావడానికి. బదిలీ మార్చుకోవడం కష్టమంటే మేమే అక్కడికి మారిపోతాం, గంట కొట్టే ఉద్యోగం ఎక్కడైనా దొరుకుతుంది. నీ గది చిన్నదని చెప్పకు, నేను చిన్న గదిలోంచే వచ్చాను. ఎవరి దగ్గరికి వెళ్తున్నామో దానికి ముందే చెప్పాను. నిజంగా అక్కడుంటుందా అంది. ఉంటుందన్నాను. కాబట్టి నువ్వు ఉండాలి. డ్యూటీ ఉంటే సెలవు పెట్టు, బస్సు ఆగే చోటనే నిలబడు.

దిగుతూనే అది నిన్ను అమ్మా అని పిలవొచ్చు. పిలవాలనే కోరుకుంటున్నాను, ఎవరో ఒకర్ని పిలిస్తే చాలు. అప్పుడు నా మొహం వైపు చూడకు. వెంటనే పలుకు.

నీ చెల్లి